మనిషి పోయినా పేరు

ఊహాలోకపు కథల్లో తమను తాము మరచిన ఆత్మలు దొరికిన పేరునే తగిలించుకుంటాయి. హైదరాబాద్‌లోని ఆబిడ్స్ సంగతీ అంతే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులోని ఆర్మేనియన్ ఆల్బర్ట్ ఆబిడ్ ఇక్కడ దుకాణం పెట్టాడు. దుకాణం పోయింది, మనిషీ పోయాడు. పేరు మాత్రం బస్సు కండక్టర్ కేకలో రోజూ వినబడుతుంది.

నాంపల్లి పేరు కుతుబ్‌షాహీల సేనాని నేక్‌నామ్ ఖాన్ నుంచి వచ్చిందంటారు. నేక్‌నామ్ అంటే మంచిపేరు. జనం నోట ‘నేక్’ రాలిపోయి ‘నామ్’ మిగిలింది, ఎంత ముచ్చటైన అరుగుదల! 1798లో చనిపోయిన ఫ్రెంచి సేనాని రేమండ్‌ది ఇంకా చిత్రం: హిందువులకు మూసా రామ్, ముస్లింలకు మూసా రహీమ్ అయ్యాడు. మూసారాంబాగ్ ఆయన పేరే.

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకం తెరిస్తే, మొదటి పేజీలో వెలిసిన సిరాతో ఎవరిదో సంతకం. ఇంటిపేరు చెరిగిపోయింది. కొన్నవాళ్లు దాని కిందే తమ పేరు రాసుకుంటారు.