మంజీర వెంట ఒక ఆదివారం

అవుట్‌డోర్ అంటే ఒకప్పుడు మన నిర్మాతలు ఊటీకి పెట్టె సర్దేవారు. చేతిలో ఇంకాస్త డబ్బాడితే కాశ్మీరు! నిజామాబాదు నుంచి బోధన్ పోయే దారిలో ఉన్న మా ఎడపల్లి పేరు ఏ ప్రొడక్షన్ మేనేజరు డైరీలోనూ ఉండి ఉండదు. మొన్న దసరా సెలవులకి రాజమండ్రి మిత్రులు పిల్లాపాపలతో దిగారు. "మాకు గోదారుంది, పాపికొండలున్నాయి. మీకేవుందండీ?" అని వస్తూనే సవాలు! సరే, పదండని ఆదివారం తెల్లారకముందే జీపెక్కించాను.

మొదటి మజిలీ అలీసాగర్. చుట్టూ గుట్టలు, గుట్టమీద నిజాం కాలపు అతిథిగృహం, కింద పూలతోట, ఎదుట అద్దంలాంటి నీళ్లు. పిల్లలు జింకల కోసం పరుగెత్తారు. పెద్దవాళ్లు ఫోటోలకు ఫోజులిచ్చారు. "ఇది ప్రకృతి ఇచ్చిన సరస్సు కాదు బావా, 1930ల నాటి కట్టడం. నిజాంసాగర్ కాలువ నీళ్లు నిలవడానికి కట్టింది" అంటే మావాడు నమ్మలేదు.

బోధన్ చేరగానే ఆవిడ అడిగారు: "షుగర్ ఫ్యాక్టరీ ఊరన్నారు, దారి పొడుగునా వరే కనిపిస్తోంది. చెరుకేదండీ?" జీపుని శక్కర్‌నగర్ వైపు తిప్పించాను. 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీకి ఒకనాడు ఆసియాలోకెల్లా పెద్దదని పేరు. క్రషింగ్ రోజుల్లో చెరుకు బండ్లు బారులు తీరేవి, ఊరంతా తీపి వాసనే. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లింది. 2015 డిసెంబరులో పని ఆగిపోయింది. టీకొట్టు దగ్గర ఒక పెద్దాయన గొట్టం వైపు చూపించి, "గా పొగ లేస్తేనే మా ఇంట్ల పొయ్యి ఎలిగేది బిడ్డా" అన్నాడు. అంతసేపూ పాటలు పాడిన జీపు ఆ తరువాత చాలా దూరం మాట్లాడలేదు.

మళ్లీ మాటలు కలిపింది బాన్సువాడ. 2017లో శేఖర్ కమ్ముల తీసిన 'ఫిదా'లో సాయిపల్లవి ఊరు ఇదేనని తెలియగానే ఆడవాళ్లంతా కిటికీల్లోంచి తొంగిచూశారు! అక్కణ్ణించి నిజాంసాగర్. 1923లో మొదలుపెట్టి 1931లో ముగించిన ఆనకట్ట అది. అలీ నవాజ్ జంగ్ ఇంజనీరింగ్ ప్రతిభకు సాక్ష్యం. కట్టమీద నిలబడితే ఒక పక్క సముద్రమంత మంజీర, ఇంకో పక్క పచ్చటి లోయ. ఆ కాలువలు పారాకే చెరుకొచ్చింది, చెరుకును చూసే ఫ్యాక్టరీ వచ్చింది. ఏళ్ల తరబడి పూడిక పేరుకుని చివరి భూములకు నీళ్లందకపోతే, ఇప్పుడు కోస్లి దగ్గర గోదావరి నీటిని ఎత్తిపోస్తున్నారు. అంటే, మంజీర అలసిపోతే గోదావరి సాయం పట్టిందన్నమాట.

చివరి మజిలీ కందకుర్తి. వెనక్కి బోధన్ మీదుగా వచ్చి, పొద్దుగుంకే వేళకి రేవులో దిగాం. మంజీర, హరిద్ర గోదావరిలో కలిసే చోటు. వరదొస్తే మునిగిపోయే పాత రాతి శివాలయం ఏటి మధ్యన ఉంది. "బావా, మీ గోదారి తెలంగాణలో మొదట అడుగుపెట్టేది ఇక్కడే. మా గడప తొక్కాకే మీ ఊరొస్తుంది" అన్నాను. సవాలు విసిరినాయన దోసిట్లో నీళ్లు తీసుకుని, "పుట్టింటివారిని అడగకూడని ప్రశ్న అడిగానండీ" అని నవ్వేశాడు.

మీరూ రండి. వానలు వెనకబట్టాక, కార్తీకం దాటకముందు అయితే చెరువులు నిండుగా ఉంటాయి. అలీసాగర్‌లో ఎన్ని ఫోటోలైనా దిగండి. కాని శక్కర్‌నగర్ గేటు ముందూ రెండు నిమిషాలు ఆగండి. ఈ నీళ్లన్నీ చూసి పోవడానికి కట్టినవి కావనీ, వేల ఇళ్లల్లో పొయ్యి వెలగడానికి కట్టినవనీ అక్కడే తెలుస్తుంది!