చూడటానికి బొంబాయి

మా కరీంనగరం వైపు "వాడు బొంబాయి పోయిండు" అన్నారంటే దానికి ఒకటే అర్థం. ఊళ్లో బతుకు గడవక పోయాడని. దేనికి పోయాడని ఎవరూ అడగరు. "ఎన్నాళ్లాయె? పైసలు పంపుతున్నడా?" అని మాత్రం అడుగుతారు. సముద్రం చూడటానికో, సినిమా తారల మేడలు చూడటానికో మా వాళ్లెవరూ ఆ ఊరికి పోయినట్టు నేను వినలేదు. 1995లో ఊరి పేరు ముంబై అయినా, మా ఇళ్లలో అది బొంబాయిగానే మిగిలింది. అలాంటి బొంబాయికి మొన్న సంక్రాంతి సెలవుల్లో మేము ఎనిమిది మందిమి, తిరుగు టిక్కెట్లతో సహా, కేవలం చూడటానికే వెళ్లివచ్చాము.

ఎనిమిది మంది ఎవరంటే మా బాపు, అమ్మ, నేను, నా భార్య, మా ఇద్దరు పిల్లలు, నిర్మల్ నుంచి వచ్చిన మా చెల్లెలి పిల్లలిద్దరు. చెల్లెలికి సెలవు దొరకలేదు. ఆమె భర్త దుబాయిలో ఉంటాడు.

మా ప్రాంతానికి, ఆ నగరానికి ఉన్న చుట్టరికం ఈనాటిది కాదు. తెలంగాణం నుంచి వెళ్లి అక్కడ ఇళ్లు కట్టిన, రోడ్లు వేసిన కూలీలను కామాఠీలన్నారు. కామాఠీపుర అన్న పేరు వాళ్లవల్ల వచ్చిందే. నూలు మిల్లులు వచ్చాక సిరిసిల్ల, జగిత్యాల వైపు నుంచి నేతగాళ్లు వెళ్లారు. మిల్లులో చోటు దొరకనివాళ్లు భివండి సాంచాల మీదికి చేరారు. ఆ తర్వాతి తరం అదే బొంబాయిలో విమానమెక్కి గల్ఫుకు పోయింది.

మా బాపు 1970లో వెళ్లాడు. ఆ రోజుల్లో నిజామాబాదులో మీటర్ గేజి చిన్నబండి ఎక్కి, మన్మాడులో దిగి, పెద్దబండి పట్టుకోవాలి. పన్నెండేళ్లు ఒక మిల్లులో మగ్గాల ఖాతాలో పనిచేశాడు. నెలకు నూరు రూపాయల మనియార్డరు, ఏడాదికొకసారి దసరాకు రాక. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వాన మిల్లుల సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది కార్మికులు పని ఆపారు. ఆ సమ్మె ముగిసిందని నేటివరకు ఎవరూ లాంఛనంగా ప్రకటించలేదు. కొన్ని నెలలు చూసి బాపు ఇంటికి వచ్చేశాడు. మరుసటి ఏడు నేను పుట్టాను. అందుకే అమ్మ అప్పుడప్పుడు నన్ను "సమ్మె కొడుకు" అని నవ్వుతూ ఉంటుంది.

ఆ పన్నెండేళ్లలో అమ్మ బొంబాయి ముఖం చూడలేదు. తీసుకుపొమ్మని రెండుసార్లు అడిగిందట. "జాగ లేదు" అన్నాడట బాపు. మూడోసారి అడగలేదు.

నిజామాబాదులో దేవగిరి ఎక్కి ఉదయానికి దాదరులో దిగాము. పిల్లల చేతిలో జాబితా సిద్ధంగా ఉంది. గేట్‌వే, తాజ్ హోటలు, మెరైన్ డ్రైవు, సముద్రం మీది వంతెన, ఒక పెద్ద మాలు. 1924లో పూర్తయిన గేట్‌వే ముందు ఫోటోలు దిగాక, 1903 నాటి తాజ్ హోటలును చూపించి మా అమ్మాయి అడిగింది.

"తాతా, పన్నెండేండ్లు ఇక్కడ ఉన్నవు గదా! దాని లోపల ఎట్లుంటది?"

"బయటినుంచి బాగుంటది బిడ్డా" అన్నాడు బాపు గంభీరంగా.

2009లో తెరిచిన ఆ వంతెన పొడవు 5.6 కిలోమీటర్లు. టాక్సీలో దాని మీద పోతుంటే పిల్లలు ఒకవైపు సముద్రం చూశారు, బాపు మరోవైపు ఊరు చూశాడు. మర్నాడు లోయర్ పరేలులో మాలుకు వెళ్లాము. ఒకప్పుడు అది ఫీనిక్స్ మిల్లు. ఆనాటి పొగగొట్టం ఇప్పటికీ దుకాణాల మధ్య నిలబడి ఉంది. పిల్లలు దాన్ని అలంకారానికి కట్టారనుకున్నారు. "గిది గిర్ని. భోంగా కూసిందంటే పరుగే" అని బాపు చెప్పగా వింతగా విన్నారు. లోపల ఒక చొక్కా అంచును వేళ్ల మధ్య నలిపి చూసి, "నూలు మంచిదే" అని తీర్పు చెప్పాడు. చీటీ మీద ధర 2,400 రూపాయలు. "రెండేండ్ల మనియార్డర్లు" అని మెల్లగా చొక్కా అక్కడే పెట్టేశాడు.

రెండు రోజులుగా అమ్మ ఏదీ కావాలనలేదు, వద్దనలేదు. మాలు బయట మెట్లమీద కూర్చుని నాతో అంది.

"గియన్ని మంచిగనే ఉన్నయి గని, మీ బాపు ఉన్న అర్ర యాడున్నదో సూపియ్యమను."

వర్లీలో బీడీడీ చాళ్లు ఉన్నాయి. 1920లలో కట్టినవి. ఒక్కో గది 160 చదరపు అడుగులు. వాటిని కూల్చి కొత్త మేడలు కడుతున్నారు. 2025 ఆగస్టులో 556 కుటుంబాలకు 500 చదరపు అడుగుల ఇళ్ల తాళాలు ఇచ్చారు కూడా. మేము వెళ్లేసరికి బాపు వెతికిన చాలు లేదు. ఆ చోట రేకుల కంచె ఉంది, కంచె వెనుక క్రేను ఉంది. బాపు అటూ ఇటూ రెండుసార్లు నడిచి నిలబడిపోయాడు.

"అయితే అర్ర లేదన్నట్టేనా?" అంది అమ్మ.

అప్పుడు బాపు చెప్పులు విడిచి, పక్కనున్న ఖాళీ జాగాలో అడుగులు కొలవడం మొదలుపెట్టాడు. పొడవుకు పదహారు, అడ్డానికి పది. నాలుగు మూలలా నలుగురు పిల్లలను నిలబెట్టాడు. ఇక్కడ స్టవ్వు, ఇక్కడ నీళ్ల బిందె, గోడవారగా ట్రంకుపెట్టెలు. ఉండేది ఎనిమిది మంది. పగలు పాళీ వాళ్లు లేచిపోతే రాత్రి పాళీ వాళ్లు వచ్చి అదే చాపమీద పడుకునేవారట. మమ్మల్ని కూడా లోపలికి రమ్మన్నాడు. ఎనిమిది మందిమి నిలబడితే పిల్లలు కదలడానికి చోటు వెతుక్కున్నారు.

అమ్మ మధ్యలో నిలబడి చుట్టూ చూసింది. లేని గోడలను చూసింది. చాలాసేపటికి నెమ్మదిగా అంది.

"జాగ లేదంటే సాకు అనుకున్న."

బాపు ఏమీ అనలేదు. వంగి చెప్పులు తొడుక్కున్నాడు. ఆ సాయంత్రం మెరైన్ డ్రైవు గట్టుమీద ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒకే పొట్లంలో పల్లీలు తిన్నారు. దీపాలు వెలిగాయి. పిల్లలు ఆ దీపాలను ఫోటో తీస్తే, నా భార్య వాళ్లిద్దరినీ తీసింది.

పిల్లలకు నగరాలు చూపించాలి. ఎత్తయిన మేడలూ చూపించాలి. అయితే మా జిల్లాల్లో తాతో తండ్రో బతుకుదెరువుకు వెళ్లి ఉండిన ఊరొకటి ప్రతి రెండో ఇంటికీ ఉంటుంది. ఆ ఊరికి వెళ్లినప్పుడు ఆయన చెప్పే చిరునామాకు కూడా ఒక పూట కేటాయించండి.

మేము తిరిగి వచ్చి నెల కాలేదు. వచ్చే సెలవులకు దుబాయి పోదామని, 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా ఎక్కుదామని మా చెల్లెలి కొడుకు ఫోనులో పేచీ మొదలుపెట్టాడు. అమ్మ నా చేతిలోని ఫోను తీసుకుంది.

"పోదాం బిడ్డా. ముందుగాల మీ నాయిన ఉండే అర్ర సూద్దాం. అటెనుక నువ్వు ఎంత ఎత్తుకన్న ఎక్కు."