గీత నిలబడితేనే రంగు

డిజైన్ కోర్సులు చదివే పిల్లలు శ్రీకాళహస్తికి వస్తుంటారు. గీత, ఆకారం, రంగు, సమతూకం, లయ అని నోట్సులో వరసగా రాసుకొస్తారు. బట్ట మీద మీరు గీసే కలంకారీలో ఇవి ఎక్కడున్నాయని అడుగుతారు. నేను జవాబు చెప్పను, ముందు చేతికి కలం ఇస్తాను.

వెదురు పుల్లకు మొన చెక్కి, కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో బిగిస్తే అదే కలం. కసిమిలో ముంచి ఉన్నిని వేళ్లతో నొక్కితే రంగు మొనకు దిగుతుంది. నొక్కుడును బట్టి గీత సన్నబడుతుంది, లావవుతుంది. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో పులియబెడితే వచ్చేదే కసిమి. కరక్కాయ, గేదెపాలు పట్టించిన బట్ట మీద పడితే అది నల్లబడుతుంది. కరక్కాయ వగరు ఇనుముతో కలిసి నలుపునిస్తుంది, పాలలోని కొవ్వు గీతను పక్కకు పాకనివ్వదు. చింతబొగ్గుతో వేసిన చిత్తుగీతను దులిపేయొచ్చు. కసిమి గీత ఇక పోదు.

మా బొమ్మల్లో వెలుగునీడలుండవు. సీత చెంప గుండ్రదనం, చీర కుచ్చిళ్ల బరువు, హనుమంతుడి తోక విసురు అన్నీ గీతే చెప్పాలి. నల్లగీతల దశలోనే బొమ్మ నిలబడకపోతే తర్వాత ఎన్ని రంగులు పూసినా లేవదు.

రంగుల్లో అసలు చిక్కు ఎరుపుది. కలంతో రాసేది పటిక నీళ్లు, అప్పుడు ఎరుపు కనిపించనే కనిపించదు. మంజిష్ఠ, సురుడు చెక్క వేసి బట్టను ఉడికించాకే బయటపడుతుంది. ఎడమవైపు ఎరుపు ఎక్కువైందా, కుడివైపు వెలితిగా ఉందా అన్నది కళ్లతో చూసి సరిచేసుకునే వీల్లేదు. సమతూకమంతా బుర్రలో పట్టుకుని రాయాలి. కరక్కాయ పువ్వుతో పసుపు, నీలిమందుతో నీలం, ఆ రెండూ కలిస్తే ఆకుపచ్చ.

రాముడికి, కృష్ణుడికి నీలం, ఆడవాళ్లకు పసుపు, రాక్షసులకు ఎరుపు అని వాడుక. ఇదంతా పాత మూస అంటారు కొందరు. నేనొప్పుకోను. గుళ్లో వేలాడే రామాయణం గుడ్డలో బోలెడు బొమ్మలుంటాయి. దూరంగా నిలబడ్డ మనిషి రావణుణ్ణి ఇట్టే పోల్చుకోవాలి కదా! పట్టాభిషేకం నడిమధ్యన పెద్దదిగా, కథ చుట్టూ వరసల్లో చిన్న గళ్లుగా ఉండేదీ అందుకే. ఖాళీ కనిపిస్తే పువ్వో తీగో వేసేయడం మాత్రం నాకు నచ్చదు. ముఖం చుట్టూ కాస్త ఊపిరాడనివ్వాలి.

1950ల చివర్లో, హస్తకళల కోసం పాటుపడ్డ కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో ఇక్కడ ఈ పని నేర్పే శిక్షణ కేంద్రం వచ్చింది. 2008లో ఇక్కడి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి పద్మశ్రీ వచ్చింది. పేరుతో పాటే నకళ్లూ పెరిగాయి. పెడనలో చెక్క అచ్చులతో అద్దేది వేరే కలంకారీ, దానితో పేచీ లేదు. స్క్రీన్ ప్రింటును చేతిపనిగా అమ్మడమే మా పొట్ట కొడుతోంది. కొనే ముందు ఒకే పువ్వు రెండుచోట్ల ఎలా ఉందో చూడండి. రెక్కల మందం, వంపు రెండింటిలో తేడా లేకుండా ఉంటే అది చేత్తో గీసింది కాదు. దానికి చేతిపని ధర ఇవ్వకండి.