ఒక్క కంప్యూటర్‌తో కంటైనర్ చదువు

భిలాయి క్యాంప్ 2లో మాది జిరాక్సు, టైపింగు దుకాణం. ఉన్నది ఒక్కటే కంప్యూటర్. దానిమీదే ఇల్లు గడవాలి, దానిమీదే నేను డేటాబేసు నేర్చుకోవాలి. నేర్చుకోవడమంటే ప్రోగ్రాములు ఎక్కించడం, తీసివేయడం. ఒకదానికి కావలసిన ఫైళ్లు మరొకదానికి సరిపడవు.

“ఏమండీ, రేపు స్కాలర్‌షిప్ ఫారాలకి పిల్లలొస్తారు. మీ చదువువల్ల ఇది ఆగిపోతే ఎలాగ?” అంది నా భార్య. ఆ భయం న్యాయమైనదే. “కంటైనర్‌లో పెట్టి నేర్చుకోండి, మామయ్యా” అన్నాడు మా మేనల్లుడు.

ఈ మాట ఓడల నుంచి వచ్చింది. 1956లో అమెరికాలో మాల్కమ్ మెక్లీన్ అనే రవాణా వ్యాపారి 58 లోహపు పెట్టెలను ఒకే ఓడలో నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపాడు. పెట్టెలో ఏముందో క్రేనుకు అక్కరలేదు. అలాగే ఒక ప్రోగ్రామును, దానికి కావలసిన ఫైళ్లను కలిపి ఒక మూటగా కడితే అది ‘ఇమేజ్’. ఇమేజ్ అచ్చు అనుకుంటే, కంటైనర్ ఆ అచ్చుతో తీసిన ఇటుక. 2013లో వచ్చిన డాకర్ ఈ పనిని సులభం చేసింది.

మా వీధినే చూడండి. ఉక్కు కర్మాగారం పనికి నలుమూలల నుంచి వచ్చినవారి బస్తీ ఇది. మా తాతగారిది శ్రీకాకుళం, పక్కవారిది ఒడిశా. ఎవరి వంట వారిదే, కుళాయి మాత్రం ఉమ్మడి. కంటైనర్లూ అంతే. వేటి ఫైళ్లు వాటివే, లైనక్స్ కెర్నెల్ మాత్రం ఒక్కటే. వర్చువల్ మెషీన్ అయితే వేరే ఇల్లు, వేరే బోరు, బరువెక్కువ. అయితే కంటైనర్ల మధ్య గోడ కాస్త పలచన. అందుకే ఊరూ పేరూ తెలియని ఇమేజ్‌లను నేను ముట్టను.

మా కంప్యూటర్‌లో ఉన్నది విండోస్. అందులో డాకర్ డెస్క్‌టాప్ నడవాలంటే లోపల లైనక్స్ కావాలి. దాన్ని డబ్ల్యూ.ఎస్.ఎల్. 2 సమకూరుస్తుంది. ముందుగా బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేయాలి. మెమరీ 8 జీబీ ఉంటే మేలు.

మొదటి ఆదేశం: డాకర్ రన్ హలో-వరల్డ్. ఇంగ్లీషు చిన్నబడి అక్షరాలలో టైపు చేయండి. డాకర్ ఆ ఇమేజ్ కోసం మన డిస్కులో వెతుకుతుంది. లేకపోతే డాకర్ హబ్ నుంచి తెస్తుంది. తెర మీద పలకరింపు వస్తుంది, అంతటితో కంటైనర్ ఆగిపోతుంది. అది చెడిపోయిందని కంగారు పడకండి. లోపలి ప్రోగ్రాము ముగిస్తే కంటైనర్ కూడా ఆగుతుంది.

అసలు జాగ్రత్త డేటాబేసు దగ్గర. కంటైనర్‌ను తీసివేస్తే, దానిలోనే రాసుకున్న పట్టికలూ పోతాయి. ‘వాల్యూమ్’ అనే వేరే చోట దాస్తే నిలుస్తాయి. నా ఖాతాల పట్టికను అలా దాచి, కంటైనర్‌ను తీసివేసి, అదే వాల్యూమ్‌తో కొత్తది నడిపాను. పట్టిక చెక్కుచెదరలేదు. వాల్యూమ్ ఉండేది కూడా ఆ డిస్కులోనే కనుక, ఒక నకలు పెన్‌డ్రైవ్‌లో వేరుగా ఉంచాను.