అమ్మ, నేను, ఒక ఇనుప టీపాట్

నిరుడు దసరాకు బాన్సువాడ పోతూ ఒక నల్లటి ఇనుప టీపాట్ పట్టుకుపోయాను. నాన్నకు షుగర్ వచ్చింది. రోజుకు ఐదు సార్లు పాలు, చక్కెర వేసిన చాయ్ తాగే మనిషిని గ్రీన్ టీకి మార్చాలన్నది నా ప్లాన్. ఆన్‌లైన్‌లో ఫోటో నచ్చి ఆర్డర్ పెట్టాను. కిలోకు పైనే బరువు. నాన్న చేతిలోకి తీసుకుని, "తూకపు రాయి లెక్కుంది కదరా" అన్నాడు.

మూడో రోజు పొద్దున నేను లేచేసరికి అది గ్యాస్ పొయ్యి మీద ఉంది. లోపల పాలు, అల్లం, చాయ్‌పత్త కుతకుత ఉడుకుతున్నయి. తర్వాత కడిగి చూస్తే లోపలి నల్లటి పూతకు పగుళ్లు వచ్చి, ఒకచోట గోరంత పెచ్చు లేచింది. "నీకేం తెల్వదమ్మా, అన్నీ ఖరాబు చేస్తవ్" అని అరిచాను. అమ్మ అప్పుడేమీ అనలేదు. బోళ్లన్నీ తోమినాక వచ్చి, "ఇనుప గిన్నెను పొయ్యి మీద పెట్టొద్దని నాకెట్ల తెలుస్తది బిడ్డా? మన దోసె పెనం ముప్పై ఏండ్ల సంది పొయ్యి మీదనే ఉంది" అన్నది.

నా దగ్గర జవాబు లేదు. నాకూ తెలియదు మరి. డాక్యుమెంటేషన్ చదవకుండా కోడ్ రాసే అలవాటు వంటింట్లోకీ వచ్చింది.

ఆ రాత్రి కూర్చుని చదివాను. జపాన్‌లో ఇవి రెండు రకాలట. తెత్సుబిన్ అంటే నీళ్లు కాచే కెటిల్. లోపల ఎనామెల్ ఉండదు, పొయ్యి మీద పెట్టొచ్చు. ఇవాతే ప్రాంతంలోని మొరియోకాలో పోతపోసే 'నంబు' ఇనుప సామాను దీనికి పేరుమోసింది. 1975లో అక్కడి ప్రభుత్వం దాన్ని సంప్రదాయ హస్తకళగా గుర్తించింది. రెండోది టీపాట్. లోపల గాజులాంటి ఎనామెల్ పూత. వేరే గిన్నెలో కాచిన నీళ్లు పోసి ఆకు నానబెట్టడానికే అది. పొయ్యి సెగకు ఇనుము, ఎనామెల్ ఒకే తీరుగా సాగవు, అందుకే పూత పగులుతుంది. నేను కొన్నది ఈ రెండోది. పెచ్చులు లేచినదాంట్లో తాగడం ఎందుకని పక్కన పెట్టేశాం.

సంక్రాంతికి పూత లేని కెటిల్ తెచ్చాను. ఈసారి అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. ఇందులో పాలు కాదు, నీళ్లు మాత్రమే కాచాలి. సన్న మంట. సబ్బు వద్దు, పీచు వద్దు. నీళ్లు వెంటనే వంపేసి మూత తీసి పెడితే ఆ వేడికే లోపల ఆరిపోతుంది. రాత్రంతా నీళ్లుంటే జంగు పడుతుంది. మా బోరు నీళ్లకు వారంలోనే అడుగున తెల్లటి సున్నం పొర కట్టింది. అమ్మ చింతపండు తీసుకుని తయారైంది. వద్దన్నాను. ఆ పొరే జంగు పట్టకుండా కాపాడుతుంది.

ఒకవేళ నీళ్లు ఎర్రగా వస్తే టీ ఆకు వేసి మరిగించాలి, టీలోని టానిన్ జంగుతో కలిసి నల్లటి పొరలా పట్టుకుంటుంది అని చెప్తుంటే అమ్మ మధ్యలోనే ఆపింది. "తలకు పెట్టుకునే గోరింటాకును ఇనుప మూకుడుల చాయ్ డికాక్షన్ పోసి నానబెడ్త కదా, తెల్లారేసరికి నల్లగైతది. అదే కదరా?" అదే. నేను కెమిస్ట్రీ పేపర్లో రాసి మర్చిపోయింది ఆమె నెలనెలా చేస్తోంది.

పాత టీపాట్‌ను అమ్మ పారేయలేదు. దాని కొమ్ముతో తులసి చెట్టుకు నీళ్లు సన్నగా పడతాయని అక్కడ పెట్టుకుంది. ఆ రోజు అరిచినందుకు నేనింకా సారీ చెప్పలేదు. ప్రతి ఆదివారం ఫోన్ చేసి కెటిల్ ఎట్లుందని మాత్రం అడుగుతాను.

మొన్న కూడా అడిగాను. "కెటిల్ మంచిగనే ఉంది. పొద్దుగాల మీ నాయనకు రెండు గ్లాసులు పోసిన, మొఖం అట్ల పెట్టి తాగిండు. ఇప్పుడైతే ఇంట్ల లేడు. బస్టాండు కాడ హోటల్ల చూడాలె" అన్నది.