‘వర్డ్‌లో పెట్టినా మేడమ్’

రాయలసీమలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీ. బీఏ, బీకాం మొదటి సంవత్సరం వాళ్ల కంప్యూటర్ ల్యాబ్ నడుస్తుండగా చూశాను. గుమ్మం బయట చెప్పుల వరస, లోపల సిస్టమ్‌కు ఇద్దరేసి పిల్లలు, పక్కనే అట్టలేసిన రికార్డులు. మెయిల్ మెర్జ్ ఎలా చేయాలో ఆ రికార్డుల్లో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది. తప్పు పట్టడానికి లేదు. తీరా పోయిన వారం చేసిన ఉత్తరం తెరవమనేసరికి చాలామంది చేతులు ఆగిపోయాయి. "యాడ సేవ్ చేస్తివి పాపా?" అని మేడమ్ అడిగితే, "వర్డ్‌లో పెట్టినా మేడమ్" అంది ఒకమ్మాయి. ఈ జవాబును తెలివితక్కువతనంగా తీసిపారేయకూడదు. ఫోనులో ఫొటో గ్యాలరీలో ఉంటుంది, పాట పాటల యాప్‌లో ఉంటుంది; వెనక ఫోల్డర్లున్న సంగతి ఫోను వాడేవాళ్లకు దాదాపు కనపడదు. ఆ అమ్మాయి తర్కం సరైనదే, తెలిసిన యంత్రమే వేరు. ఫైలు వేరు, దాన్ని తెరిచే ప్రోగ్రాం వేరు, అది ఉండే చోటు వేరు అన్న ఎరుకే కాలేజీ ముందుగా ఇవ్వాల్సిన చదువు. బటన్ల వరస ఆ తర్వాత.

ఎక్సెల్ దగ్గర ఇది మరీ తేటతెల్లమైంది. జాబితాలో ఆధార్ కాలమ్ నింపమన్నారు. 12 అంకెలు కొట్టి ఎంటర్ నొక్కగానే గడిలో దశాంశ బిందువూ, ఒక ఇంగ్లీషు అక్షరమూ ఉన్న వింత సంఖ్య ప్రత్యక్షమైంది. అది కంటికి కనిపించే చిక్కు కాబట్టి నయం. 16 అంకెల బ్యాంకు ఖాతా నంబరు కొడితే, ఎక్సెల్ 15 అంకెలే నిలుపుకుని చివరిదాన్ని చడీచప్పుడు లేకుండా సున్నా చేస్తుంది. రేపు ఏ సచివాలయంలోనో ఈ పిల్లలే లబ్ధిదారుల జాబితా తయారుచేయవచ్చు. గడిని ముందే టెక్స్ట్‌గా మార్చుకోవాలన్నది ఒక మెట్టు, రికార్డులో రాసుకోవచ్చు. ఖాతా నంబరును ఎవరూ కూడరు, తీసేయరు, కాబట్టి అది లెక్క కాదు, పేరులాంటిది అన్నది మాత్రం అర్థం కావాలి.

ఉద్యోగాలకు అడిగేది వర్డ్, ఎక్సెలే కదా, అవి నేర్పితే చాలదా అంటారు. ఆఫీస్ 2007లో మైక్రోసాఫ్ట్ పాత మెనూలు తీసేసి రిబ్బన్ పెట్టినప్పుడు, మెనూల వరస బట్టీపట్టినవాళ్లే ఎక్కువ తడబడ్డారు. అందరి దగ్గరా ఫోనుంది, మిగతాది వాళ్లే పట్టుకుంటారన్నది ఇంకో మాట. 2017-18 జాతీయ శాంపిల్ సర్వే ప్రకారం దేశంలో కంప్యూటర్ ఉన్న గ్రామీణ కుటుంబాలు నూటికి 4.4 మాత్రమే. చాలామందికి ఈ ల్యాబే దిక్కు. తెలుగు మీడియం పిల్లలకు ఇవన్నీ ఎక్కవన్న అనుమానానికి మేడమే జవాబిచ్చారు: డ్రైవ్ జిల్లా, ఫోల్డర్ మండలం, లోపలి ఫోల్డర్ ఊరు, ఫైలు ఇల్లు అన్నారు. కాసేపటికి పోయిన ఉత్తరాలు ఒక్కొక్కటిగా దొరికాయి.

మరి రాతకన్నా అర్థమే ముఖ్యమని రికార్డు తీసేస్తే మార్కులు దేనికి వేయాలి? ఇది ఆవిడ ప్రశ్న, న్యాయమైనదే. చిందరవందర ఫైళ్లున్న పెన్‌డ్రైవ్, తప్పులున్న ఒక జాబితా ఇచ్చి సరిచేయమనవచ్చు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ముందు చూసేది రికార్డేనని ఆవిడ అన్నారు. ఉండనివ్వండి, పేజీలు సగానికి తగ్గించినా చాలు, మిగిలే గంటలు సిస్టమ్ ముందు గడుస్తాయి.