అరిగిన గాజుకు మళ్లీ నిప్పు

చార్మినార్‌కు పడమర మొదలయ్యే లాడ్ బజార్‌లో లక్క గాజులు అమ్మేవాళ్లే కనిపిస్తారు, చేసేవాళ్లు కనిపించరు. వాళ్ల పనంతా వెనక సందుల్లో, ఇళ్ల ముందు గదుల్లో, మేడమీది అరల్లో సాగుతుంది. లక్క గాజు ఎలా తయారవుతుందో ఇప్పటికే చాలామంది రాశారు. నాకు ఆ తర్వాతి సంగతి తెలుసుకోవాలని ఉండేది. చేతికెక్కిన లక్క ఎలా అరుగుతుంది? అరిగినదాన్ని ఏం చేస్తారు? ఈ ప్రశ్న వేస్తే చాలా దుకాణాల్లో కొత్త డిజైన్లు చూపించారు. ఒక దుకాణదారు మాత్రం, "మరమ్మతా? అది మా ఉస్తాద్‌నే అడగాలి" అని వెంట ఒక కుర్రాణ్ణి పంపించాడు.

మహబూబ్ చౌక్ గడియార స్తంభం దాటి, హుస్సేనీ ఆలం వైపు పోయే ఒక సందులో ఆ కార్ఖానా. కార్ఖానా అంటే ఒకే గది. మధ్యలో బొగ్గుల కుంపటి, దాని మీద రేకు, పక్కన నున్నటి ఇనుప పలక, రంగు లక్క కడ్డీలు, రాళ్లు పోసిన గిన్నెలు. పొగ పోవడానికి కిటికీ తెరిచే ఉంది, అయినా కళ్లు మండాయి. ఉస్తాద్‌కు అరవై దాటి ఉంటాయి. వేళ్ల చివర్లు నల్లబడి గట్టిపడ్డాయి. వేడి లక్కను ఆ వేళ్లతోనే నొక్కి చూస్తున్నాడు.

నేను వచ్చిన పని చెప్పగానే, గూట్లోంచి ఒక రేకు డబ్బా దించి నా ముందు బోర్లించాడు. అన్నీ మరమ్మతుకొచ్చిన గాజులు. వాటిలోంచి ఒక ఎర్ర కడా ఏరి నా చేతికిచ్చాడు. పైనుంచి చూస్తే కొత్తదే అనిపిస్తుంది, రాళ్లు మెరుస్తూనే ఉన్నాయి. పక్కకు తిప్పి అంచు చూశాను. గోటి మందం కూడా లేని ఎర్ర పొర అంచు పొడుగునా లేచిపోయి, కింద మట్టిరంగు లక్క బయటపడింది. ఒకచోట అదీ అరిగి ఇత్తడి చువ్వ కనిపిస్తోంది.

"అంచే ముందు పోతది బాజీ. పక్క గాజు రాసుకుంటనే ఉంటది గదా. ఒక్క కడా ఏసుకుంటే ఏం గాదు. జోడా ఏసుకుంటేనే అరుగుడు."

ఆ కడాలో ఎన్ని పొరలున్నాయో విప్పి చెప్పాడు. లోపల ఇత్తడి చట్రం. దాని మీద కండ: లక్కలో సుద్దపొడి, గుగ్గిలం లాంటివి కలిపి కాచి పిసికిన ముద్ద. దానికి రంగుండదు, బలం ఉంటుంది. ఆ కండను కుంపటి మీద వేడిచేసి, పైన రంగు కలిపిన మేలు లక్క కడ్డీతో రుద్దితే కరిగి పల్చగా పట్టుకుంటుంది. అది చల్లారేలోపు రాళ్లు దించాలి. రాళ్లను రేకు మీద వేడిచేసి, ఒక్కొక్కటే సూదిమొనతో ఎత్తి మెత్తని లక్కలోకి నొక్కాలి. రాయి వేడికి అడుగున లక్క కొంచెం కరిగి, చుట్టూ పైకి లేచి, చల్లారాక దాన్ని పట్టుకుంటుంది. అక్కడ జిగురుండదు. అందుకే మంచి పనితనం ఉన్న గాజులో రాయి ఊడితే, దాని కింద రాయి ఆకారంలోనే గుంట మిగులుతుంది. జిగురుతో అంటించిన రాయి ఊడితే చదునైన మచ్చ మిగులుతుంది. కొనేవాళ్లకు ఈ తేడా తెలిసి ఉండాలి, దుకాణంలో ఎవరూ చెప్పరు.

అరుగుదలకు రాపిడి ఒక్కటే కారణం కాదు. మోదుగ, రేగు, కుసుమ్ చెట్ల కొమ్మల మీద చిన్న పురుగు కట్టుకునే గూటి పదార్థమే లక్క. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి ఎక్కువగా వస్తుంది. అది నీళ్లలో కరగదు, కానీ స్పిరిట్‌లో కరుగుతుంది, సబ్బు, సోడా లాంటి క్షారాలకూ లొంగుతుంది. అరవై ఐదు, డెబ్బై డిగ్రీల వేడికి మెత్తబడుతుంది. పాత కొయ్య సామాను మీద పూసే ఫ్రెంచ్ పాలిష్ చేసేది ఈ లక్కనే స్పిరిట్‌లో కరిగించి. ఈ గుణాలన్నీ ఆ డబ్బాలో రుజువులతో సహా ఉన్నాయి. అంట్లు తోమే చేతికి ఉన్న గాజు మెరుపు పోయి తెల్లబారింది. సెంటు కొట్టుకునే చేతిది మణికట్టు పక్కన బంకబారి, దుమ్ము పట్టి గరుకైపోయింది. ఎండలో నిలిపిన కారులో మరిచిపోయిన జోడా ఒకటి గుండ్రం తప్పి, రెండు గాజులూ ఒకదానికొకటి అతుక్కున్నాయి.

"కరోనా వచ్చినప్పుడు శానిటైజర్ బాజీ," అన్నాడు ఉస్తాద్. "దినాం పదిసార్లు రుద్దిరి. పెళ్లి జోడాలు ఆగమైనయ్."

స్పిరిట్ కలవని అత్తరు వాడినవాళ్ల గాజులకు ఈ బెడద లేదట. చార్మినార్ చుట్టుపక్కల అత్తరు దుకాణాలూ గాజుల దుకాణాలూ ఇన్నేళ్లుగా పక్కపక్కనే బతికాయి. కష్టం సీసాలో పిచికారీ సెంటు వచ్చాకే మొదలైంది.

మా తమ్ముడు బేస్ గిటార్ వాయిస్తాడు. ఉస్తాద్ మాటలు వింటుంటే వాడి వాద్యం మీద ముంజేయి ఆనే చోట పోయిన పాలిష్ కళ్లముందు మెదిలింది. ఎలక్ట్రిక్ గిటార్ ఒంటి మీదా ఇలాగే పొరలుంటాయి. కొయ్య రంధ్రాలు పూడ్చేది అడుగున, దాని మీద రంగు, రంగు మీద రంగులేని మెరుగు. గిబ్సన్, ఫెండర్ కంపెనీలు పాత రోజుల్లో వాడింది నైట్రోసెల్యులోజ్ లాకర్. 1920లలో డ్యూపాంట్ కంపెనీ 'డ్యూకో' పేరుతో కార్లకు తెచ్చిన రంగు ఆ జాతిదే. అది లక్క కాదు, పుట్టుక వేరు. అరిగే తీరులో మాత్రం లక్కకు దగ్గరి చుట్టమే. చెమటకు మెత్తబడుతుంది, రబ్బరు దిమ్మ ఆనించిన స్టాండు మీద పెడితే మచ్చ పడుతుంది, చలిలోంచి వేడిలోకి తెస్తే కొయ్య ఒకలా లాకర్ ఒకలా సాగి సన్నని పగుళ్లు పారతాయి. ఐర్లండ్ గిటారిస్టు రోరీ గాలహర్ 1963లో కార్క్ నగరంలో కొన్న 1961 నాటి స్ట్రాటోకాస్టర్‌ను చూస్తే ఈ అరుగుదల అంతా కనిపిస్తుంది. అతని చెమటకు రంగు చాలావరకు లేచిపోయి లోపలి కొయ్య బయటపడింది.

1960ల చివర ఫెండర్ దళసరి పాలియెస్టర్ పూతకు మారింది. అది సులువుగా అరగదు, మెరుపు పోదు. దెబ్బ తగిలితే మాత్రం పెచ్చుగా ఊడుతుంది, ఊడినచోట కొత్త పూత పాతదానిలో కలవదు, అతుకు కనిపిస్తూనే ఉంటుంది. నైట్రో మీద నైట్రో పూస్తే పాత పొర పైపైన కరిగి కొత్తదాన్ని తనలో కలుపుకుంటుంది. పాకంలో బెల్లం ముక్క వేసినట్టు, ఏది పాతదో ఏది కొత్తదో తర్వాత చెప్పలేం.

ఉస్తాద్ ఆ ఎర్ర కడాకు చేసింది సరిగ్గా అదే. పట్టకారుతో పట్టి కుంపటికి కాస్త ఎత్తులో తిప్పుతూ వేడి పట్టించాడు. అంచు నీరెండలో తడిసినంత మెరుపు రాగానే ఎర్ర కడ్డీ కొసను కాచి ఆ అంచుకు రుద్దాడు. ఇత్తడి కనిపించేచోట ముందు కండ లక్క అద్ది, చెక్క పలకతో ఒత్తి, దాని మీద ఎరుపు. కదిలిన రాళ్లను సూదితో మళ్లీ కిందికి దించాడు. చల్లారాక గుడ్డతో తుడిచి ఇస్తే, ఎక్కడ అతికాడో వేలితో తడిమినా తెలియలేదు.

"ఎన్నిసార్లు చేయొచ్చు ఉస్తాద్?"

"మంట మీద ఉంటది బాజీ. మెల్లగ చేస్తే శానా సార్లు. తొందరపడితే ఒక్కసారికే ఖతం."

కిటికీ గట్టు మీంచి నల్లటి ముద్ద ఒకటి తీసి చూపించాడు. కుర్రాళ్లు మరిగించి మాడ్చిన లక్క. నిప్పు మీద పెట్టినా కరగదు, సాగుతుంది, పొగ వస్తుంది, అంతే. లక్కను ఎక్కువసేపు ఎక్కువ వేడిలో ఉంచితే దానిలోని అణువులు ఒకదానితో ఒకటి ముడిపడిపోతాయి. ఆ ముడి విడదు. ఉస్తాద్ పారేయాల్సిన ముద్ద అది. గిటారు మీది పాలియెస్టర్, పాలియురెథేన్ పూతల్లో ఈ ముడినే మొదటి రోజున కావాలని వేయిస్తారు. వాటి గట్టిదనమంతా అందులోనే ఉంది, మరమ్మతుకు లొంగకపోవడమూ అందుకే. అరగని పూతే మంచి పూత అని నేనూ చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు నా ఓటు అతుకు పట్టే పూతకే.

బజారులో గాలి అటు లేదు. చౌక రకాలు రెండు భాగాలు కలిపి పోసే రెజిన్‌తోనూ జిగురుతోనూ వస్తున్నాయి. చేయడం తొందర, బరువు తక్కువ, ఎండకు వంగవు. అవి అరిగితే ఉస్తాద్ దగ్గరికి రావు, చెత్తలోకి పోతాయి. ఈ చౌకకు ఇంకో ఖరీదు కూడా ఉంది. 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు రెండు వందల మందికి పైగా పిల్లల్ని విడిపించారు. ఎక్కువమంది బిహార్ నుంచి తెచ్చినవాళ్లు. ఊపిరాడని గదుల్లో పిల్లల చేత రాళ్లు అంటించిన గాజుల కాలం అది. లాడ్ బజార్ గురించి రాసేవాళ్లు ఆ సంగతి దాటేయకూడదు.

2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, తెలంగాణకు అది 17వది. గుర్తింపుతో పేరుకు రక్షణ దొరికింది, నాకు సంతోషమే. అయితే అసలు లక్కను నకిలీ నుంచి వేరుచేసే గుణం, మళ్లీ కరిగి కలిసే ఈ గుణం, కొనే మనిషికి ఎక్కడా తెలియడం లేదు. ఉస్తాద్ మరమ్మతుకు తీసుకునేది కొత్త జోడా ధరలో చిన్న వాటా. ఆ కూలి గిట్టదని ఆయన కొడుకు సెల్‌ఫోన్ల దుకాణంలో చేరాడు.

దుకాణాలవాళ్లు పెట్టెలో ఒక చీటీ పెట్టవచ్చు. సబ్బు పనికి ముందు తీసేయండి. సెంటు, శానిటైజర్ ఆరాకే వేసుకోండి. ఎండలో కారులో వదలకండి. గాజుకూ గాజుకూ మధ్య ఒక సన్నని మట్టి గాజు వేసుకుంటే లక్కా లక్కా రాసుకోవు. ఇవి నాలుగూ ఉస్తాద్ చెప్పినవే. అయిదోది నేను కలుపుతున్నాను: అరిగాక పారేయకుండా ఎక్కడికి తేవాలో, ఎంతవుతుందో కూడా ఆ చీటీలో అచ్చువేయాలి.